శామ్యూల్ కోల్టు – నంబరు కొట్టిన విడిభాగాలు

సైకిలు పెడలు విరిగితే మనమెవరమూ దిగులు పడము. చౌడేపల్లెలో దొరక్కపోతే పుంగనూరు, అక్కడా లేకపోతే మదనపల్లె. కంపెనీ పేరు చెబితే అంగడివాడు డబ్బాలోంచి తీసి ఇస్తాడు. తెచ్చి బిగిస్తే సరిపోతుంది. అదే మన పక్క పల్లెల్లో చెనిక్కాయ చేలకు అడవిపందుల కాపలాకని వెనకటినుంచి లైసెన్సుమీద ఉంచుకునే నాటు తుపాకిని తీసుకోండి. మూతిలోంచి మందు దట్టించి కాల్చే ఆ తుపాకికి లోపలి స్ప్రింగు విరిగిందంటే ఏ అంగట్లోనూ ఇంకొకటి దొరకదు. పని తెలిసినవాడు ఇనుమును కాల్చి, సాగగొట్టి, ఆకురాయితో రాకి, ఆ ఒక్క తుపాకికి సరిపడే ముక్కను తయారుచేయాలి. ఆ ముక్క పక్క ఊరివాడి తుపాకికి పనికిరాదు.

ఈ రెండు పద్ధతులకూ నడుమ నిలబడిన మనిషి ఒకడున్నాడు. పేరు శామ్యూల్ కోల్టు. అమెరికావాడు. రివాల్వరు అనగానే లోకమంతా మొదట చెప్పుకునే పేరు అతనిదే. యంత్రంమీద చేసిన భాగం ఏ తుపాకికైనా ఇట్టే సరిపోయేటట్లు చేసిన ఘనుడని అతణ్ణి పొగుడుతారు. అందులో సగమే నిజం. మిగతా సగం ఏమిటో, అతని రివాల్వరుకు నకలుగా ఇటలీలో చేసిన పాత తుపాకి ఒకటి చేతపట్టుకుని, విరిగిన భాగానికి బదులు వెతుక్కునేవాణ్ణి అడిగితే తెలుస్తుంది. ఆ సంగతి చివర చెప్పుకుందాము. ముందు మనిషి కథ.

శామ్యూల్ కోల్టు 1814 జూలై 19న కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫోర్డు పట్టణంలో పుట్టినాడు. తండ్రి క్రిస్టఫర్ వర్తకుడు. ఒకప్పుడు బాగా బతికి, తర్వాత దివాలా తీసినాడు. తల్లి సారా, పిల్లవాడికి ఏడేళ్ళు నిండకముందే కన్నుమూసింది. కొన్నాళ్ళు ఒక రైతు ఇంట పనికి ఉన్నాడు. తర్వాత మసాచుసెట్స్‌లోని వేర్ అనే ఊళ్ళో తండ్రి నడిపే బట్టల మిల్లులో చేరినాడు. చదువుమీద కంటే మందుగుండు మీదా, బ్యాటరీల మీదా అతని ధ్యాస ఎక్కువ. ఊరి చెరువులో తెప్పను ఆకాశానికి లేపుతానని జనాన్ని పిలిచి, తెప్పను అట్లాగే ఉంచి, వచ్చినవాళ్ళ బట్టలనిండా బురద చల్లినాడని ఒక కథ చెబుతారు. తర్వాత ఆమ్హర్‌స్ట్ అకాడమీలో చేర్పిస్తే అక్కడా 1830 జూలై 4 పండుగనాడు మందుగుండు పేల్చి అల్లరి చేసినాడు. అంతటితో బడి చదువు ముగిసింది. కాలేజీ సావనీరులో ఇట్లాంటివాడి కథ రాయవచ్చునా అని లెక్చరర్లు అనుకుంటే అనుకోనీండి, జరిగినది అదే.

పదహారేళ్ళ ఆ కుర్రవాణ్ణి తండ్రి ఓడ ఎక్కించినాడు. ఓడ పేరు కార్వో. 1830 ఆగస్టులో బోస్టను రేవునుంచి బయలుదేరి, ఆఫ్రికా కొసను చుట్టుకుని, అది వచ్చినది మరెక్కడికో కాదు, మన కలకత్తాకు. ఆ కాలాన కలకత్తానుంచి అమెరికాకు పోయే సరుకుల్లో నీలిమందు, తోళ్ళు, సురేకారం ముఖ్యమైనవి. సురేకారం లేనిదే తుపాకిమందు లేదు. సురేకారం ముప్పాతిక వంతు, మిగతా పావులో బొగ్గు, గంధకం, ఇదీ ఆనాటి మందు పాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని నల్లపొడి అంటారు. మనం నల్లమందు అన్నామంటే అది వేరే సరుకు అవుతుంది కాబట్టి తుపాకిమందు అనే చెప్పుకుందాము.

ఆ ప్రయాణంలోనే కోల్టు జేబుకత్తితో కొయ్యను చెక్కి రివాల్వరు నమూనా చేసినాడట. ఓడను తిప్పే చక్రాన్ని చూసి, అది తిరిగి ఒకచోట ఆగి బిగుసుకునే తీరును గమనించి, ఆ ఊహ వచ్చిందని తర్వాత తానే చెప్పుకున్నాడు. కొందరు చరిత్రకారులకు ఇది అంత నమ్మకం లేదు. తిరిగే మందుగదుల తుపాకులు అంతకుముందే ఉన్నాయి. ఎలీషా కాలియర్ అనే బోస్టనువాడు 1818లోనే ఇంగ్లండులో చెకుముకి రివాల్వరుకు పేటెంటు తీసుకున్నాడు. అట్లాంటివి ఇండియాలోని దొరల దగ్గరా ఉండేవి కాబట్టి, కోల్టు కలకత్తాలో వాటిని చూసి ఉండవచ్చునని వారి అనుమానం. నాకూ ఓడ చక్రం కథ కొంచెం ఎక్కువ అందంగానే కనిపిస్తుంది. అయితే కొయ్య ముక్కలు మాత్రం నిజం.

తిరిగి వచ్చినాక నమూనాను ఇనుములో చేయించాలంటే డబ్బు కావాలి. అందుకు కోల్టు పట్టిన దారి విచిత్రమైనది. నవ్వు తెప్పించే వాయువును, అంటే నైట్రస్ ఆక్సైడును, తిత్తిలో పట్టుకుని ఊరూరా తిరిగినాడు. జనానికి దాన్ని పీల్పించి, వాళ్ళు వేసే గంతులను మిగతావాళ్ళకు టిక్కెట్టుమీద చూపించినాడు. కరపత్రాల్లో తన్ను తాను డాక్టరుగా వేసుకున్నాడు. ఎక్కడి డాక్టరు? న్యూయార్కు, లండను, కలకత్తా! ఓడలో కలాసీగా వచ్చి కొన్నాళ్ళు రేవులో ఉన్నంతమాత్రాన కలకత్తా డాక్టరైపోయినాడు. వయసు ఇరవై లోపు. ఈ బడాయి అతనికి చివరిదాకా పోలేదు. అయితే ఆ డబ్బులోంచే బాల్టిమోరులోని జాన్ పియర్సన్ వంటి పనివాళ్ళకు ఇచ్చి తుపాకులు చేయించినాడు. ఆకురాయి పట్టి ఆ ఊహకు రూపమిచ్చినవాడు పియర్సన్. జీతం సరిగ్గా అందక పోట్లాడినవాడూ అతడే.

ఆ యంత్రం ఎట్లా పనిచేస్తుందో నాలుగు మాటలు చెప్పుకుంటే తర్వాతి కథ సులభంగా తెలుస్తుంది. గుండ్రటి సిలిండరులో ఐదో ఆరో గదులు. ఒక్కొక్క గదిలో ముందునుంచి మందుపోసి, సీసపు గుండు దిగగొట్టాలి. వెనకవైపు ప్రతి గదికీ నిపుల్ అనే చిన్న గొట్టం, దానిమీద టపాకాయలాగా పేలే రాగి క్యాపు. సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగగానే దానికి తగిలించిన సన్నని పుల్లవంటి ముక్క పైకి లేచి సిలిండరును ఒక గది మేర తిప్పుతుంది. దాని పేరు హ్యాండ్. అదే క్షణాన అడుగునుంచి బోల్టు అనే ఇంకొక ముక్క లేచి సిలిండరు గాడిలో పడి దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. హ్యాండ్ వెంట్రుకవాసి పొట్టిదైతే గది గొట్టానికి ఎదురుగా రాకముందే ఆగుతుంది. పొడుగైతే బిగుసుకుంటుంది. బోల్టు ముందు లేచినా, ఆలస్యంగా లేచినా చిక్కే. గది ఓరగా ఉన్నప్పుడు పేలితే సీసం అంచుకు తగిలి చీలి, కాల్చినవాడి చేతికో పక్కవాడి ముఖానికో ప్రమాదం. అంటే ఇందులో విడిభాగం సరిపోవడం సరిపోకపోవడం అందచందాల విషయం కాదు.

1835లో ఇంగ్లండులోనూ, 1836 ఫిబ్రవరి 25న అమెరికాలోనూ పేటెంటు వచ్చింది. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏండ్లు. న్యూజెర్సీలోని పేటర్సన్ పట్టణంలో బంధువుల డబ్బుతో కంపెనీ లేచింది. కోశాధికారి డడ్లీ సెల్డన్ అతనికి బంధువే. విందులకూ ద్రాక్షసారాయికీ కంపెనీ సొమ్ము తగలేస్తున్నాడని ఆయన గొడవ. సైన్యం 1837లో పరీక్ష చేసి, ఇందులో సున్నితమైన ముక్కలు ఎక్కువ, సిపాయి చేతికి తగదని తోసిపుచ్చింది. నిజం చెప్పాలంటే ఆ పేటర్సన్ తుపాకికి అది న్యాయమైన తీర్పే. 1838లో ఫ్లారిడాకు స్వయంగా పోయి, అక్కడ సెమినోల్ తెగవారితో పోరాడుతున్న దళానికి 50 రైఫిళ్ళు అమ్మినాడు. తిరిగివస్తుంటే పడవ బోల్తాపడి సొమ్ము పోయింది. ప్రాణం దక్కింది. 1842కు పేటర్సన్ కంపెనీ మూతపడింది. అన్నేండ్లలోనూ అక్కడ చేసిన రివాల్వర్లు మూడువేలకు లోపే.

ఆ ఏడాదే అతనికి ఇంకొక దెబ్బ. అన్న జాన్ కోల్టు న్యూయార్కులో ఒక అచ్చుపనివాణ్ణి చంపిన నేరంమీద ఉరిశిక్షపడి, ఉరితీయవలసిన రోజునే జైలుగదిలో గుండెల్లో పొడుచుకుని చనిపోయినాడు. ఆ కేసుకు డబ్బు పుట్టించడానికి తమ్ముడు నానా అగచాట్లు పడినాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు రేవుల్లో నీటికింద పేలే మందుపాతరలు, వాటిని కరెంటుతో పేల్చే తీగలు, టెలిగ్రాఫు కేబుళ్ళు, ఇట్లాంటి పనులతో గడిపినాడు. ప్రభుత్వం ప్రదర్శనలు చూసింది కానీ కొనలేదు.

ఇంతలో టెక్సాసులో పాత పేటర్సన్ తుపాకులు కొన్ని రేంజర్ల చేతికి చిక్కినాయి. 1844 జూన్‌లో జాక్ హేస్ నాయకత్వాన పదిహేనుమంది రేంజర్లు తమకంటే ఎన్నోరెట్లు ఎక్కువైన కొమాంచీ రౌతులను వాటితో ఎదిరించినారు. వాళ్ళలో శామ్యూల్ వాకర్ ఒకడు. మెక్సికోతో యుద్ధం వచ్చినప్పుడు అతడే కోల్టును వెతికి పట్టుకుని, పెద్దది, గట్టిది కావాలని, ఏ మార్పులు చేయాలో చెప్పినాడు. 1847 జనవరిలో వెయ్యి రివాల్వర్లకు, ఒక్కొక్కటి 25 డాలర్లకు, ఒప్పందం కుదిరింది.

ఇక్కడే కథ మన విషయానికి వస్తుంది. ఒప్పందమైతే కుదిరింది కానీ కోల్టు దగ్గర కార్ఖానా లేదు, యంత్రాలు లేవు. నమూనాగా పెట్టుకోవడానికి తాను చేసిన పాత రివాల్వరు ఒక్కటైనా దొరకలేదని, ఉన్నవాళ్ళు వదిలిపెట్టలేదని చెబుతారు. అంటే పాత కోల్టు కోసం అంగళ్ళ వెంట తిరిగిన మొదటి మనిషి కోల్టే! చివరకు జ్ఞాపకంమీదా, వాకర్ చెప్పిన మార్పులమీదా కొత్త నమూనా తయారైంది. పని చేసిపెట్టడానికి ఒప్పుకున్నవాడు కనెక్టికట్‌లోని విట్నీవిల్లులో తుపాకుల కార్ఖానా ఉన్న ఎలీ విట్నీ కుమారుడు. తుపాకి రెండు కిలోలకు పైగా తూగింది. కొన్నిటి సిలిండర్లు పగిలినాయి కూడా. వాకరు ఆ అక్టోబరులోనే మెక్సికోలో యుద్ధంలో చనిపోయినాడు. కోల్టుకు మాత్రం దశ తిరిగింది.

విట్నీ పేరు వచ్చింది కాబట్టి, ఒకదాని భాగం ఇంకొకదానికి సరిపోవాలనే ఆలోచన ఎవరిదో కొంచెం చెప్పాలి. కోల్టుది కాదు. ఫ్రాన్సులో ఓనొరే బ్లాంక్ అనే పనివాడు 1785లోనే తుపాకి గుర్రపు భాగాలను కుప్పగా పోసి, చేతికి వచ్చినవాటిని కలిపి బిగించి, అమెరికా రాయబారిగా ఉన్న జెఫర్సనుకు చూపించినాడు. జెఫర్సను ఆ ముచ్చటను స్వదేశానికి మోసుకుపోయినాడు. 1801లో పెద్ద ఎలీ విట్నీ వాషింగ్టనులో అదే ప్రదర్శన ఇచ్చి కీర్తి సంపాదించినాడు. అయితే అతని తుపాకులను తర్వాతివాళ్ళు విప్పి పరిశీలిస్తే భాగాలు ఒకదానికొకటి సరిపోలేదు. ప్రదర్శనకు ప్రత్యేకంగా సిద్ధం చేసుకున్నాడన్నమాట. నిజంగా సాధించినవాళ్ళలో ముందువాడు హార్పర్స్ ఫెర్రీలో ప్రభుత్వ కార్ఖానాలో పనిచేసిన జాన్ హాల్. 1820ల్లో అతడు చేసిన రైఫిళ్ళను విప్పి కలగలిపి మళ్ళీ బిగిస్తే సరిపోయినాయి. హాల్ పేరు ఎంతమందికి తెలుసు? అతనికి కోల్టుకున్న నోరు లేదు.

1847లోనే కోల్టు హార్ట్‌ఫోర్డులో సొంత కార్ఖానా పెట్టినాడు. 1849లో ఎలీషా రూట్ అనే యంత్రకోవిదుణ్ణి, గొడ్డళ్ళు చేసే కంపెనీనుంచి పెద్దజీతం ఆశచూపి తెచ్చుకున్నాడు. నా దృష్టిలో కోల్టు చేసిన మంచిపనుల్లో ఇదే పెద్దది. సుత్తిదెబ్బతో ఒకే ఆకారం పోతపోసినట్టు వచ్చే అచ్చులు, చేతితో పనిలేకుండా గాడులు తొలిచే యంత్రాలు, ఏ ముక్కకు ఏ కొలత ఉండాలో చూసే గేజీలు, ఇవన్నీ అక్కడ బారులుతీరినాయి. ఆ కార్ఖానాలో పని నేర్చినవాళ్ళే తర్వాత ఊళ్ళేలినారు. ప్రాట్, విట్నీ అనే ఇద్దరు అక్కడ పనిచేసి, బయటికి వచ్చి యంత్రాలుచేసే కంపెనీ పెట్టినారు. ఈ విట్నీ వేరే. ఆ విద్య కుట్టుమిషన్లకు పాకింది. 1878లో అదే హార్ట్‌ఫోర్డులోని వీడ్ కుట్టుమిషన్ల కంపెనీలో ఆల్బర్ట్ పోప్ సైకిళ్ళు చేయించడం మొదలుపెట్టినాడు. మన సైకిలు పెడలు అంగట్లో దొరకడానికి ఉన్న చరిత్రలో ఇది ఒక మెట్టు.

1851లో లండను స్ఫటికసౌధంలో జరిగిన మహాప్రదర్శనలో కోల్టు తన రివాల్వర్లను వరుసలుగా పరిచినాడు. ఆ నవంబరులో లండను సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు తన తుపాకినిగూర్చి ప్రసంగించి పతకం పొందినాడు. 1853లో థేమ్స్ నది ఒడ్డున పిమ్లికోలో కార్ఖానా తెరిచినాడు. అక్కడి యంత్రాలను చూడడానికి పెద్దపెద్దవాళ్ళు వచ్చినారు. 1854లో బ్రిటిషు పార్లమెంటు సైన్యపు తుపాకుల తయారీపై ఒక సెలెక్ట్ కమిటీ వేసింది. ఆవిరిసుత్తితో పేరుమోసిన జేమ్స్ నాస్మిత్ ఆ కార్ఖానాను మెచ్చుకుంటూ సాక్ష్యం చెప్పినాడు. కోల్టు కూడా వచ్చి, యంత్రంతో చేయలేనిది లేదన్నట్టు చెప్పినాడు. ఆ వెనక గేజ్ స్టిక్నీ అనేవాడు సాక్షిగా వచ్చినాడు. అతడు కోల్టు లండను కార్ఖానాకే సూపరింటెండెంటుగా పనిచేసి మానేసినవాడు. కోల్టు తుపాకుల భాగాలు ఒకదానివి ఇంకొకదానికి సరిపోవని, తాను అట్లా సరిపోయినవి చూడలేదని అతడు కమిటీకి చెప్పినాడు.

మానేసినవాడి మాట కాబట్టి నమ్మనక్కరలేదంటారా? తుపాకే సాక్ష్యం చెబుతుంది. అసలైన కోల్టు నేవీ రివాల్వరును, అంటే 1851 నమూనాను, ఎవరైనా విప్పితే చట్రం మీద, గొట్టంమీద, సిలిండరుమీద, ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇత్తడి పట్టీమీద, పిడి వెనకపట్టీమీద, గొట్టాన్ని పట్టి ఉంచే చిన్న మేకుబిళ్ళమీద కూడా ఒకే నంబరు కొట్టి ఉంటుంది. ఏ భాగమైనా ఏ తుపాకికైనా సరిపోయేటట్లయితే ప్రతి ముక్కమీదా నంబరు ఎందుకు?

జరిగినది ఇది. యంత్రం మెత్తటి ఇనుమును కావలసిన ఆకారానికి బాగా దగ్గరగా తెస్తుంది. కానీ పూర్తిగా కాదు. ఆ మెత్తటి ముక్కలను ఫిట్టరు ముందు పెట్టుకుని, ఆకురాయితో రాకుతూ, ఒకదానిలో ఒకటి ఇమిడేదాకా సరిచేస్తాడు. సరిపోయినాక అన్నిటిమీదా ఒకే నంబరు కొడతారు. తర్వాత విప్పి, కొలిమిలో కాల్చి గట్టిపరుస్తారు. గట్టిపడేటప్పుడు ఇనుము రవ్వంత వంకరపోతుంది. అప్పుడు ఆ నంబర్లనుబట్టి ఏ సంసారాన్ని ఆ సంసారంగా మళ్ళీ కలిపి బిగిస్తారు. ఏడాదికి వేలకొద్దీ తుపాకులు వచ్చినా, ప్రతిదాని వెనకా ఒక మనిషి చెయ్యీ ఒక ఆకురాయీ ఉన్నాయి. యంత్రాలు ఆ చేతికి పని తగ్గించినాయి, అంతే. ఇది తక్కువ సంగతి అని నేననను. మునుపు రోజులు పట్టే రాకుడు గంటల్లోకి వచ్చింది. 1851 నేవీ ఒక్కటే హార్ట్‌ఫోర్డులో రెండు లక్షలకు పైగా తయారైంది. కోల్టు చేయనిదాన్ని చేసినట్టు చెప్పుకోకపోయినా అతని ఘనత తగ్గేది కాదు. కానీ అతడు కలకత్తా డాక్టరు కదా.

లండను కార్ఖానా ఎక్కువకాలం నడవలేదు. క్రిమియా యుద్ధం ముగిసే రోజుల్లోనే మూతపడింది. రాబర్ట్ ఆడమ్స్ అనే లండనువాడి రివాల్వరు ట్రిగ్గరు లాగితేనే సుత్తి లేచి పేలేది. ఇంగ్లీషు అధికారులు చాలామంది దానికి మొగ్గినారు. 1857 తిరుగుబాటునాడు మన దేశంలో దొరల నడుముల్లో ఆడమ్సూ కోల్టూ రెండూ ఉన్నాయి. ఆ తర్వాత లిట్టన్ కాలంలో 1878 ఆయుధచట్టం వచ్చి మనవాళ్ళకు లైసెన్సు లేనిదే తుపాకి పట్టే వీలు లేకుండా పోయింది. దొరలకు ఆ నిబంధన లేదు.

1855లో హార్ట్‌ఫోర్డు నది ఒడ్డున, వరద రాకుండా పొడవాటి కట్ట కట్టించి, నక్షత్రాలు వేసిన నీలి గుమ్మటంతో పెద్ద కార్ఖానా లేపినాడు. కట్ట కోతపడకుండా నాటిన విల్లో చెట్ల కొమ్మలతో బుట్టలూ కుర్చీలూ అల్లడానికి జర్మనులను పిలిపించి, వాళ్ళకు ఇండ్లు కట్టించినాడు. 1856లో ఎలిజబెత్ జార్విస్‌ను పెండ్లాడి, ఆ వెంటనే రష్యా చక్రవర్తి పట్టాభిషేకానికి ఆమెను తీసుకుపోయినాడు. రాజులకు నగిషీ తుపాకులు బహుమతిగా ఇచ్చి ఆర్డర్లు తెచ్చుకోవడంలో అతనికి సాటిలేదు. టర్కీ సుల్తానుకూ ఇచ్చినాడు, టర్కీతో యుద్ధం చేసిన రష్యాకూ ఇచ్చినాడు. స్వదేశంలో అంతర్యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు కూడా యుద్ధం మొదలయ్యేదాకా దక్షిణాది రాష్ట్రాలకు తుపాకులు పంపుతూనే ఉన్నాడు. ఉత్తరాది పత్రికలు దుమ్మెత్తిపోసినాయి. పోయవలసిందే.

ఇంత తెలివైనవాడు ఒక్కచోట తప్పినాడు. రోలిన్ వైట్ అనేవాడు సిలిండరు గదులను వెనకదాకా తొలిచి, తూటాను వెనకనుంచి పెట్టే ఉపాయానికి 1855లో పేటెంటు తీసుకున్నాడు. కోల్టు దాన్ని పట్టించుకోలేదు. స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ దాన్ని పట్టుకుంది. 1869లో ఆ పేటెంటు తీరేదాకా కోల్టు కంపెనీ మందుపోసి గుండు దట్టించే పాత పద్ధతికే కట్టుబడవలసి వచ్చింది.

అది చూడడానికి అతడు లేడు. 1862 జనవరి 10న, 47 ఏండ్లకే పోయినాడు. పిల్లల్లో కాల్డ్‌వెల్ అనే కొడుకు ఒక్కడే పెద్దవాడైనాడు. మిగతావాళ్ళు పసితనంలోనే పోయినారు. 1864 ఫిబ్రవరిలో కార్ఖానా పెద్దభాగం కాలిపోయింది. ముప్పై ఏడేండ్ల ఎలిజబెత్ దాన్ని నీలి గుమ్మటంతో సహా మళ్ళీ కట్టించి, 1901లో అమ్మేదాకా యజమానురాలిగా ఉన్నది. 1873లో లోహపు తూటాల రివాల్వరు వచ్చి, మందుపోసే పాతవాటి కాలం చెల్లింది.

చెల్లింది అనుకుంటే, ఎనభై ఏండ్ల తర్వాత అవి మళ్ళీ పుట్టినాయి. అమెరికా అంతర్యుద్ధానికి నూరేండ్లు వస్తున్నాయని అక్కడివాళ్ళకు పాత తుపాకులమీద మోజు పెరిగింది. అసలువి ఖరీదు, కాల్చడానికి భయం. వాల్ ఫర్గెట్ అనే వ్యాపారి 1950ల చివర ఇటలీలోని గార్దోనె వాల్ ట్రొంపియా అనే కొండలోయ ఊరికి పోయినాడు. తరతరాలుగా తుపాకుల పని చేసే ఊరది. అక్కడ గ్రెగొరెల్లి, ఆల్దో ఉబెర్టి కలిసి 1851 నేవీకి నకలు చేసి ఇచ్చినారు. తర్వాత ఉబెర్టి సొంత కంపెనీ, పియెట్టా, ఆర్మీ సాన్ మార్కో, ఇంకా ఎన్నో చిన్న కార్ఖానాలు. 1971లో కోల్టు కంపెనీయే ఇటలీనుంచి భాగాలు తెప్పించి పాత నేవీని తిరిగి అమ్మడం మొదలుపెట్టింది. నకలుకు అసలు కంపెనీ ముద్ర!

ఆ మొదటి నకళ్ళకు ఇప్పుడు అరవై ఏండ్లు దాటినాయి. తుపాకిమందు మసి తేమను పీలుస్తుంది. కాల్చిన రోజే వేడినీళ్ళతో కడిగి, తుడిచి, నూనె పెట్టకపోతే ఇనుము తినేస్తుంది. హ్యాండుకు తగిలించిన సన్నని స్ప్రింగు, ట్రిగ్గరునూ బోల్టునూ కలిపి నొక్కే రెండుకాళ్ళ స్ప్రింగు తరచుగా విరిగేవి. పేలిన క్యాపు రేకు ముక్క లోపల పడినా విరుగుతాయి. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. గొట్టంమీద పెద్ద అక్షరాలతో ఉండే పేరు అమ్మినవాడిది, చేసినవాడిది కాదు. చేసినవాడి గుర్తు ఎక్కడో గొట్టం అడుగున, దట్టించే కడ్డీ చాటున ఉంటుంది. పక్కనే ఇటలీ ప్రభుత్వ పరీక్షశాల ముద్ర, తయారైన సంవత్సరపు గుర్తు. 1974 వరకు రోమను అంకెలు, 1975 నుంచి ఏఏ మొదలుకొని రెండేసి అక్షరాలు. చేసిన కార్ఖానా మూతపడిందంటే ఇంకొక కంపెనీ ముక్కతో సరిపెట్టుకోవాలి. అసలు కోల్టు ముక్క పనికొస్తుందనుకుంటే, కోల్టు మరలు అంగుళాల లెక్క, ఇటలీవి మిల్లీమీటర్ల లెక్క. మరచుట్టే పట్టదు. ఒకే కంపెనీవైనా పాతదానికి కొత్తది నేరుగా కూర్చోదు.

అందుకని తెలిసినవాళ్ళు కొంచెం పెద్దగా ఉన్న ముక్కనే కొంటారు. పెద్దదాన్ని తగ్గించవచ్చు, చిన్నదాన్ని పెంచలేము. కొత్త హ్యాండుకు దీపపు మసి పట్టించి, తుపాకిలో పెట్టి ఒకసారి సుత్తి లాగి తీస్తారు. మసి ఎక్కడ చెరిగిందో అక్కడ రెండు రాకులు రాకుతారు. మళ్ళీ మసి, మళ్ళీ రాకుడు. సుత్తి పూర్తిగా వెనక్కి వచ్చిన క్షణానికి బోల్టు గాడిలో టక్కున పడేదాకా ఇదే పని. ఒక రాకు ఎక్కువైతే ఆ ముక్క చెత్తబుట్టకే, మళ్ళీ మొదటికి. 1851లో హార్ట్‌ఫోర్డు ఫిట్టరు చేసినదీ ఇదే. మన దేశంలో ఎవరైనా సరదాకు దీన్ని చేయబోతారేమో, ఒక మాట. నకలైనా కాల్చగలిగింది కాబట్టి అది తుపాకే. 1959 ఆయుధచట్టం కింద దాన్ని ఉంచుకోవడానికి లైసెన్సు కావాలి. బాగుచేసేవాడికి కూడా వేరే లైసెన్సు కావాలి.

అమెరికాలో స్థిరపడిన మన పూర్వవిద్యార్థులు ఎవరైనా హార్ట్‌ఫోర్డు పోతే చూడవలసినవి మూడున్నాయి. నీలి గుమ్మటం ఇప్పటికీ ఉన్నది. ఆ ప్రాంతాన్ని 2014లో జాతీయ చారిత్రక ఉద్యానంగా చేయాలని చట్టం చేసినారు. వాడ్స్‌వర్త్ ఎథీనియం మ్యూజియంలో కార్వో ఓడలో చెక్కినవని చెప్పే కొయ్య ముక్కలున్నాయి. మూడవది, ఎలిజబెత్ పోయిన భర్త, పిల్లల జ్ఞాపకార్థం కట్టించిన గుడ్ షెపర్డ్ చర్చి. 1869లో పూర్తయింది. దానికి కార్ఖానా పనివాళ్ళు వచ్చే వైపు ఒక వాకిలి ఉన్నది. మామూలుగా చర్చి వాకిళ్ళకు తీగలూ పువ్వులూ చెక్కుతారు కదా, అక్కడ రాతిలో రివాల్వర్లూ, వాటి విడిభాగాలూ చెక్కి ఉన్నాయి.